లూప్ ఆధారిత సంగీత సాఫ్టువేరు

ఒక చిన్న శబ్దఖండాన్ని ఎడతెగకుండా మళ్ళీ మళ్ళీ వినిపింపజేస్తూ, అటువంటి ఖండాలను ఒకదానిపై ఒకటి పేర్చి, ఒకదాని తరువాత ఒకటి అమర్చి పాటను కూర్చడానికి ఉపయోగపడే కంప్యూటరు ప్రోగ్రాములను లూప్ ఆధారిత సంగీత సాఫ్టువేరు అంటారు. ఇలా పునరావృతమయ్యే శబ్దఖండాన్ని లూప్ అంటారు. ఈ కోవకు చెందిన ప్రోగ్రాములలో ఫ్రూటీలూప్స్ (1997), ఏసిడ్ (1998), ఏబుల్‌టన్ లైవ్ (2001), గరాజ్‌బ్యాండ్ (2004) ప్రసిద్ధమైనవి. వీటిలో మొదటిది 2003 నుండి ఎఫ్ఎల్ స్టూడియో అనే పేరుతో వ్యవహరింపబడుతున్నది.

ఈ ప్రోగ్రాముల వలన వాద్యబృందం గాని, పెద్ద స్టూడియో గాని లేనివారు కూడా తమ పాటకు నేపథ్య సంగీతాన్ని సమకూర్చుకొనగలుగుతున్నారు. అయితే ఒక లూప్‌ను ఎన్నిసార్లు వినిపించినా అది పాట కాజాలదు. పల్లవి, చరణం వంటి విభాగాల మధ్య ఎక్కడ ఏది మారాలో నిర్ణయించుకొన్నప్పుడే పాటకు రూపం ఏర్పడుతుంది. పునరావృతిని యంత్రం చేస్తుంది గాని మార్పును మనిషే నిర్ణయించాలి.

లూప్ నిర్మాణం

సంగీతంలో కాలాన్ని బీట్లుగాను, బార్లుగాను విభజిస్తారు. నిమిషానికి ఎన్ని బీట్లు పడతాయో ఆ సంఖ్యను టెంపో అంటారు. పాశ్చాత్య పద్ధతిలో సర్వసాధారణంగా ఒక బార్‌కు 4 బీట్లు ఉంటాయి. టెంపో 100 అయితే ఒక బీట్‌కు 0.6 సెకను, ఒక బార్‌కు 2.4 సెకన్లు, నాలుగు బార్ల లూప్‌కు 9.6 సెకన్లు పడుతుంది. లూప్‌లు సాధారణంగా 1, 2, 4 లేదా 8 బార్ల పొడవు కలిగి ఉంటాయి.

ఈ పొడవు కచ్చితంగా ఉండాలి. సీడీ నాణ్యత గల డిజిటల్ రికార్డింగులో సెకనుకు 44,100 నమూనాలు ఉంటాయి. ఆ లెక్కన పైన చెప్పిన 9.6 సెకన్ల లూప్‌లో 4,23,360 నమూనాలు ఉండాలి. కొద్ది నమూనాలు ఎక్కువైనా, తక్కువైనా ఒక్కసారి వింటే తేడా తెలియదు. కాని పాట పొడవునా అనేకసార్లు తిరిగేటప్పటికి ఆ తేడా పేరుకొని, డోలు ఒక దారిలోను, మిగిలిన వాద్యాలు ఒక దారిలోను పోతాయి. అందువలన ఈ ప్రోగ్రాములు లూప్‌ను సెకన్లలో కాక బార్లలో, బీట్లలో కొలిచి తెరపై గల గడులకు అతికిస్తాయి.

లూప్ చివర, మొదలు కలిసే చోటును అతుకు అనవచ్చు. ఆ చోట ధ్వనితరంగం ఎత్తులో తేడా ఉంటే ప్రతి ఆవృత్తిలోను 'టిక్'మనే చప్పుడు వినిపిస్తుంది. దీనిని నివారించడానికి తరంగం సున్నా గీతను దాటే చోట కోయడం గాని, రెండు కొసలను స్వల్పంగా ఒకదానిలో ఒకటి కలిపివేయడం గాని చేస్తారు.

చరిత్ర

డిస్కు, టేపు కాలం

శబ్దాన్ని పునరావృతం చేయడం కంప్యూటరుతో పుట్టిన ఆలోచన కాదు. ఫ్రాన్సు రేడియోలో పనిచేసిన పియర్ షేఫర్ 1948లో గ్రామఫోను రికార్డుపై మూసిన గాడిని ఏర్పరచి ప్రయోగాలు చేశాడు. సూది ముందుకు కదలక అదే గాడిలో తిరుగుతుంది. నిమిషానికి 78 చుట్లు తిరిగే డిస్కుపై అటువంటి గాడిలో ఇమిడే శబ్దం సుమారు 0.77 సెకను మాత్రమే.

తరువాత వచ్చిన అయస్కాంత టేపు ఈ పరిమితిని సడలించింది. టేపు ముక్క రెండు కొసలను అతికించి వలయంగా చేస్తే అదే శబ్దం ఆగకుండా వినిపిస్తుంది. సెకనుకు 15 అంగుళాలు నడిచే టేపుపై 4 సెకన్ల లూప్‌కు 60 అంగుళాల, అనగా 5 అడుగుల వలయం కావాలి. ఇంగ్లీషులో లూప్ అంటే వలయమే. అమెరికా స్వరకర్త స్టీవ్ రైక్ 1965లోను, ఇంగ్లాండుకు చెందిన బీటిల్స్ బృందం 1966లోను టేపు లూప్‌లతో రచనలు చేశారు.

జనప్రియ సంగీతంలో దీనికి పేరుపొందిన ఉదాహరణ 1977లో వెలువడిన బీజీస్ బృందం పాట 'స్టేయిన్ అలైవ్'. ఫ్రాన్సులోని స్టూడియోలో పని సాగుతుండగా డ్రమ్ములు వాయించే డెన్నిస్ బ్రయాన్ కుటుంబ కారణాలతో వెళ్ళవలసి వచ్చింది. అప్పుడు 'నైట్ ఫీవర్' పాటలో ఆయన అంతకుముందే వాయించిన రెండు బార్లను టేపు వలయంగా చేసి కొత్త పాటకు వాడుకొన్నారు. ఆల్బంపై ఆ వాద్యకారుని పేరును హాస్యానికి 'బెర్నార్డ్ లూప్' అని వేశారు. అటువంటి వ్యక్తి ఎవరూ లేరు.

శాంప్లర్లు, కంప్యూటర్లు

1970వ దశకంలో న్యూయార్క్ నగరంలోని బ్రాంక్స్ ప్రాంతంలో డీజే కూల్ హెర్క్ మొదలైనవారు ఒకే రికార్డు ప్రతులు రెండింటిని పక్కపక్కన ఉంచి, డ్రమ్ములు మాత్రమే వినిపించే భాగాన్ని మార్చి మార్చి వేస్తూ పొడిగించేవారు. హిప్‌హాప్ సంగీతానికి ఇది పునాది అయింది. 1980వ దశకంలో వచ్చిన శాంప్లర్ అనే పరికరాలు ఇదే పనిని డిజిటల్ పద్ధతిలో చేశాయి. వీటిలో రోజర్ లిన్ రూపకల్పన చేసిన ఆకాయ్ ఎంపీసీ60 (1988) ముఖ్యమైనది.

1998లో అమెరికాకు చెందిన సోనిక్ ఫౌండ్రీ సంస్థ ఏసిడ్ అనే ప్రోగ్రామును విడుదల చేసింది. వేర్వేరు టెంపోలలో రికార్డయిన లూప్‌లను ఒకే టెంపోకు, ఒకే శ్రుతికి తనంతట తానే సర్దడం దీని ప్రత్యేకత. ఇది 2003లో సోనీకి, 2016లో జర్మనీకి చెందిన మాజిక్స్ సంస్థకు చేరింది. బెర్లిన్‌లో 1999లో స్థాపించబడిన ఏబుల్‌టన్ సంస్థ 2001లో లైవ్ అనే ప్రోగ్రామును విడుదల చేసి, లూప్‌లను వేదికపైననే వాద్యం వలె వాయించే వీలు కల్పించింది. ఆపిల్ సంస్థ 2004 జనవరిలో గరాజ్‌బ్యాండ్‌ను ప్రకటించి దానితోపాటే లూప్‌ల భాండాగారాన్ని అందించడంతో ఈ పద్ధతి విద్యార్థులకు, అభిరుచి గలవారికి అందుబాటులోకి వచ్చింది. 2007లో రిహానా పాడిన 'అంబ్రెల్లా' పాటలోని డ్రమ్ముల వరుసకు ఆధారం గరాజ్‌బ్యాండ్‌తో వచ్చిన ఒక లూప్.

వేగం, శ్రుతి వేరుపడడం

టేపును గాని, గ్రామఫోను రికార్డును గాని వేగంగా తిప్పితే పాట వేగంతోపాటు శ్రుతి కూడా పెరుగుతుంది. వేగం రెట్టింపయితే శ్రుతి ఒక స్థాయి పైకి పోతుంది. టెంపోను 100 నుండి 106కు పెంచినా శ్రుతి సుమారు ఒక అర్ధస్వరం, అనగా హార్మోనియంపై పక్క మెట్టుకు జరుగుతుంది. ఈ చిక్కు తీరనంత కాలం ఒక పాటలోని డ్రమ్ములను మరొక పాటలోని వీణతోనో, గిటారుతోనో కలపడం కష్టమయ్యేది.

డిజిటల్ పద్ధతిలో ఈ రెండింటిని వేరుచేయడానికి ప్రధానంగా మూడు మార్గాలు ఉన్నాయి:

1. ముక్కలు చేయడం: డ్రమ్ముల లూప్‌ను ఒక్కొక్క దెబ్బ వద్ద కోసి, ఆ ముక్కలను దగ్గరగా లేదా దూరంగా జరుపుతారు. ముక్కల శ్రుతి మారదు. 1994లో వచ్చిన రీసైకిల్ అనే ప్రోగ్రాము ఈ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చింది.
2. కణికలుగా విభజించడం: ధ్వనిని సెకనులో కొద్ది వందల వంతుల పొడవు గల కణికలుగా చేసి, కొన్నింటిని రెండుసార్లు వినిపించడం ద్వారా సాగదీస్తారు, కొన్నింటిని వదలివేసి కుదిస్తారు.
3. పౌనఃపున్యాలుగా విశ్లేషించడం: ధ్వనిని అందులోని పౌనఃపున్యాలుగా విడగొట్టి, కాలాన్ని మార్చి తిరిగి కూర్చుతారు. ఈ మార్గానికి మూలమైన ఫేజ్ వోకోడర్‌ను 1966లో బెల్ ప్రయోగశాలకు చెందిన ఫ్లానగన్, గోల్డెన్ వివరించారు.

ఏ పద్ధతిలోనైనా ధ్వనిని మితిమీరి సాగదీస్తే సహజత్వం పోతుంది. డ్రమ్ముల దెబ్బ మొద్దుబారుతుంది, గాత్రం నీటిలోనుండి వస్తున్నట్లు ఉంటుంది. కాబట్టి పాట టెంపోకు దగ్గరగా రికార్డయిన లూప్‌ను ఎన్నుకోవడం మేలు.

ఆడియో లూప్, మిడి లూప్

లూప్‌లు రెండు రకాలు. ఆడియో లూప్‌లో ఒక వాద్యకారుడు వాయించిన ధ్వనే ఉంటుంది. 9.6 సెకన్ల స్టీరియో లూప్ సీడీ నాణ్యతలో సుమారు 17 లక్షల బైట్ల చోటు ఆక్రమిస్తుంది. మిడి లూప్‌లో ధ్వని ఉండదు. ఏ స్వరం, ఎప్పుడు, ఎంతసేపు, ఎంత బలంగా అనే సూచనలు మాత్రమే ఉంటాయి. ఆడియో లూప్ ఛాయాచిత్రం వంటిదయితే, మిడి లూప్ స్వరపరచిన కాగితం వంటిది. అందువలన మిడి లూప్‌లో ఒక్క స్వరాన్ని మార్చడం, పియానో బదులు వేణువును పెట్టడం సులభం. ఆడియో లూప్‌లో అది కష్టం, కాని వాద్యకారుని చేతి వాటం అందులో యథాతథంగా నిలుస్తుంది. గరాజ్‌బ్యాండ్‌లో ఆడియో లూప్‌లు నీలం రంగులోను, మిడి లూప్‌లు ఆకుపచ్చ రంగులోను కనిపిస్తాయి.

తెరపై అమరిక

ఈ ప్రోగ్రాములలో రెండు రకాల అమరికలు కనిపిస్తాయి.

కాలరేఖ: ఎడమ నుండి కుడికి కాలం, పై నుండి క్రిందికి ట్రాకులు ఉంటాయి. ఒక్కొక్క వాద్యానికి ఒక్కొక్క ట్రాకు. లూప్‌ను తెచ్చి ట్రాకుపై పెట్టి, దాని కుడి అంచును పట్టి లాగితే ఎంత దూరం లాగితే అన్నిసార్లు పునరావృతమవుతుంది. ఏసిడ్, గరాజ్‌బ్యాండ్ మొదటినుండి ఈ అమరికను అనుసరించాయి.

గడుల పట్టిక: ఏబుల్‌టన్ లైవ్‌లో సెషన్ వ్యూ అనబడే ఈ అమరికలో నిలువు వరుసలు ట్రాకులు, అడ్డు వరుసలు విభాగాలు. ఒక్కొక్క గడిలో ఒక లూప్ ఉంటుంది. ఒక ట్రాకులో ఒకసారికి ఒక గడి మాత్రమే మోగుతుంది. అడ్డు వరుసను సీన్ అంటారు. సీన్ మీటను నొక్కితే ఆ వరుసలోని లూప్‌లన్నీ కలిసి మొదలవుతాయి. మీటను ఏ క్షణంలో నొక్కినా ప్రోగ్రాము తరువాతి బార్ ఆరంభం వరకు వేచి ఉంటుంది కాబట్టి తాళం తప్పదు. ఒక వరుస పల్లవికి, మరొక వరుస చరణానికి కేటాయించి, వాటిని కావలసిన క్రమంలో నొక్కుతూ పోతే ఆ క్రమమంతా కాలరేఖపై రికార్డవుతుంది. ఆపిల్ సంస్థ ఇటువంటి పట్టికను లైవ్ లూప్స్ పేరుతో 2016లో ఐఫోను, ఐప్యాడులలోని గరాజ్‌బ్యాండ్‌కు, 2020లో లాజిక్ ప్రో ప్రోగ్రాముకు చేర్చింది.

విభాగాలుగా పాట కూర్పు

తెలుగు పాటలో పల్లవి, చరణాలు, వాటి నడుమ వాద్యసంగీతం ఉండడం సర్వసాధారణం. టెంపో 100, బార్‌కు 4 బీట్లు గల పాటకు ఒక నమూనా ప్రణాళిక ఇది:

* ఆరంభ సంగీతం – 4 బార్లు
* పల్లవి – 8 బార్లు
* మొదటి నడుమ సంగీతం – 8 బార్లు
* మొదటి చరణం – 16 బార్లు
* పల్లవి – 8 బార్లు
* రెండవ నడుమ సంగీతం – 8 బార్లు
* రెండవ చరణం – 16 బార్లు
* పల్లవి – 8 బార్లు
* ముగింపు – 4 బార్లు

మొత్తం 80 బార్లు. బార్‌కు 2.4 సెకన్ల చొప్పున 192 సెకన్లు, అనగా 3 నిమిషాల 12 సెకన్లు. నాలుగు బార్ల లూప్ ఒక్కటే పాటంతా మోగితే 20 సార్లు తిరుగుతుంది. శ్రోత చెవి నాలుగైదు ఆవృత్తులలోనే దానిని గుర్తుపట్టి, ఆపై పట్టించుకోవడం మానివేస్తుంది. ఈ ప్రోగ్రాములతో పని మొదలుపెట్టినవారు తరచుగా ఎదుర్కొనే సమస్య ఇదే. నాలుగు లేదా ఎనిమిది బార్లు చక్కగా కుదురుతాయి. అవి గంటల తరబడి తిరుగుతూనే ఉంటాయి గాని పాట ముందుకు సాగదు.

దీనినుండి బయటపడడానికి కూర్పరులు అనుసరించే పద్ధతులు కొన్ని:

* తీసివేత: అన్ని వాద్యాలూ మోగే నిండైన విభాగాన్ని ముందుగా సిద్ధం చేసి, దానిని పాట పొడవునా పరచి, ఒక్కొక్క విభాగంలో కొన్ని ట్రాకులను తీసివేస్తారు. చరణంలో డ్రమ్ములను, తీగవాద్యాలను తగ్గిస్తే సాహిత్యం స్పష్టంగా వినిపిస్తుంది. అవి పల్లవిలో తిరిగి వచ్చినప్పుడు నిండుదనం తెలుస్తుంది.
* ముక్తాయింపు: విభాగం చివరి బార్‌లో లూప్‌ను ఆపి వేరొక దరువు వేయడం. తీర్మానం రాబోతున్నదని మృదంగం ఎలా తెలుపుతుందో, ఇక్కడ విభాగం మారబోతున్నదని ఇది అలా తెలుపుతుంది.
* మౌనం: పల్లవికి ముందు ఒకటి రెండు బీట్లపాటు అన్నింటినీ ఆపివేయడం.
* పొడవుల తేడా: డ్రమ్ములకు 4 బార్ల లూప్, వేణువుకు 3 బార్ల లూప్ వాడితే 12 బార్లకు గాని ఆ రెండూ మళ్ళీ ఒకేచోట మొదలుకావు. ఆలోగా వాటి కలయిక మారుతూనే ఉంటుంది.
* సజీవ వాద్యం: ఒక్క ట్రాకునైనా లూప్ లేకుండా మొదటినుండి చివరివరకు వాయించి లేదా పాడి రికార్డు చేయడం.

గరాజ్‌బ్యాండ్‌లో 2007 నుండి కాలరేఖ పైభాగాన విభాగాలకు పేర్లు పెట్టి, ఒక విభాగాన్ని మొత్తంగా పట్టుకొని ముందుకో వెనుకకో జరిపే సౌకర్యం ఉంది. చరణం ముందు వచ్చి పల్లవి తరువాత వస్తే ఎలా ఉంటుందో క్షణంలో విని చూడవచ్చు. టేపు కాలంలో ఇందుకు టేపును కోసి అతికించవలసి వచ్చేది.

తాళ, రాగాల విషయంలో జాగ్రత్తలు

లూప్ భాండాగారాలలో అత్యధిక భాగం బార్‌కు 4 బీట్ల లెక్కతో తయారయినవి. ఎనిమిది అక్షరాల ఆదితాళం ఇందులో సరిగా ఇముడుతుంది. ఒక ఆవర్తం రెండు బార్లకు సమానం. ఏడు అక్షరాల మిశ్రచాపు అలా ఇమడదు. ఏడు బీట్ల పాటపై నాలుగు బీట్ల లూప్‌ను వేస్తే, 28 బీట్లు గడిచేవరకు రెండింటి మొదళ్ళు కలవవు. పాట నాలుగు ఆవర్తాలు నడిచేసరికి లూప్ ఏడుసార్లు తిరిగి ఉంటుంది. ఇటువంటి పాటకు ముందుగా ప్రోగ్రాములో బార్‌కు 7 బీట్లని నిర్ణయించుకొని, ఆ తాళానికి తగిన లూప్‌ను స్వయంగా రికార్డు చేసుకోవడం ఉత్తమం. ఖండచాపుకు కూడా ఇదే వర్తిస్తుంది.

రాగం విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ప్రోగ్రాములు లూప్‌లను ఆధారశ్రుతిని బట్టి, మేజర్ లేదా మైనర్ అనే భేదాన్ని బట్టి వర్గీకరిస్తాయి. వాటికి రాగం తెలియదు. మోహన రాగంలో మధ్యమం, నిషాదం లేవు. మేజర్ అని గుర్తు పెట్టిన గిటారు లూప్‌లో ఆ రెండు స్వరాలూ ఉండవచ్చు. శ్రుతి సరిపోయినా రాగఛాయ చెడుతుంది. అందువలన రాగ ప్రధానమైన పాటలో లూప్‌లను లయ వాద్యాలకే పరిమితం చేయడం గాని, మిడి లూప్‌ను ఎన్నుకొని అన్యస్వరాలను తొలగించడం గాని చేయాలి.

లూప్ వెనుక వాద్యకారుడు, హక్కులు

ప్రతి ఆడియో లూప్ వెనుక ఒక మనిషి శ్రమ ఉంది. దీనికి 'ఆమెన్ బ్రేక్' కథ నిదర్శనం. అమెరికాకు చెందిన ది విన్‌స్టన్స్ అనే బృందం 1969లో విడుదల చేసిన 'ఆమెన్, బ్రదర్' అనే వాద్య రచనలో గ్రెగరీ కోల్‌మన్ ఒక్కడే నాలుగు బార్ల సేపు డ్రమ్ములు వాయించాడు. అది సుమారు 7 సెకన్ల ముక్క. 1980వ దశకం చివరినుండి హిప్‌హాప్ బృందాలు, 1990వ దశకంలో బ్రిటన్‌లోని జంగిల్, డ్రమ్ అండ్ బేస్ కూర్పరులు దానిని వేలాది పాటలలో వాడుకొన్నారు. వాటిపై కోల్‌మన్‌కు పారితోషికం ముట్టలేదు. అతడు 2006లో నిరాశ్రయుడుగా మరణించాడు. బృంద నాయకుడు రిచర్డ్ స్పెన్సర్‌కు 2015లో అభిమానుల చందాల ద్వారా సుమారు 24,000 పౌండ్లు అందాయి. జేమ్స్ బ్రౌన్ పాట 'ఫంకీ డ్రమ్మర్'లో డ్రమ్ములు వాయించిన క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్ విషయంలోనూ దాదాపు ఇదే జరిగింది. రచయితగా అతని పేరు నమోదు కాకపోవడంతో ఆ లూప్ ఆదాయంలో అతనికి వాటా దక్కలేదు.

1991లో న్యూయార్క్ న్యాయస్థానం ఒక ర్యాప్ పాటలో అనుమతి లేకుండా మరొక పాట ముక్కను వాడడం తప్పని తీర్పు చెప్పింది. ఆ తరువాత అమెరికాలోని రికార్డింగు సంస్థలు ముందుగా అనుమతి పొందడం పరిపాటి చేసుకొన్నాయి. భారతదేశంలో 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం శబ్దముద్రణపై హక్కు, అది వెలువడిన మరుసటి సంవత్సరం నుండి 60 సంవత్సరాలు ఉంటుంది. ప్రదర్శకుల హక్కులను ఈ చట్టం 1994 సవరణతో గుర్తించింది. వాణిజ్య వినియోగంపై వారికి రాయల్టీ ఉండాలని 2012 సవరణ పేర్కొన్నది. కాబట్టి పాత సినిమా పాటలోని రెండు బార్లను కోసి లూప్‌గా వాడడానికి హక్కుదారుల అనుమతి అవసరం. 'కొద్ది సెకన్లే కదా' అనే మినహాయింపు చట్టంలో లేదు.

ప్రోగ్రాముతోపాటు వచ్చే లూప్‌లు సాధారణంగా రాయల్టీ అవసరం లేని లైసెన్సుతో లభిస్తాయి. వాటిని సొంత పాటలో వాడుకోవచ్చు గాని, విడి లూప్‌గా తిరిగి అమ్మరాదు. అదే లూప్‌ను ఇతరులు కూడా వాడి ఉండవచ్చు కాబట్టి, వీడియో సైట్లలోని స్వయంచాలక గుర్తింపు వ్యవస్థలు ఒకరి పాటను మరొకరిదిగా పొరబడే అవకాశం ఉంది. వాడిన లూప్‌ల పేర్లు, అవి వచ్చిన చోటు, లైసెన్సు వివరాలు పాట ఫైలుతోపాటు వ్రాసి ఉంచుకొంటే అటువంటి వివాదంలో ఉపయోగపడతాయి.

ఉపయోగాలు, పరిమితులు

పాఠశాలలలో లయ, టెంపో, పాట నిర్మాణం వంటి విషయాలను చెవికి వినిపిస్తూ, కంటికి చూపుతూ బోధించడానికి ఈ ప్రోగ్రాములు అనుకూలం. పాట వ్రాసేవారు బాణీని చిత్తుగా రికార్డు చేసుకోవడానికి, గాయకులు సాధన చేయడానికి, నాటకాలకు నేపథ్య సంగీతం సమకూర్చుకోవడానికి ఇవి పనికివస్తాయి.

అందరూ ఒకే భాండాగారం నుండి లూప్‌లు తీసుకోవడం వలన పాటలు ఒకే పోలికగా తయారుకావడం వీటి ప్రధాన లోపం. టెంపో పాట పొడవునా మారకుండా ఉండడం మరొకటి. గాయకుని భావాన్ని బట్టి కాలం కొద్దిగా సాగడం, కుదియడం వంటి సహజ గుణం గడులకు అతికించిన సంగీతంలో కనిపించదు. వాద్యకారుడు పాటతోపాటు ఊపిరి తీసుకొని, సాహిత్యాన్ని విని తన వాయింపును మార్చుకొంటాడు. లూప్‌కు ఆ వినికిడి లేదు. అందుచేత అనుభవజ్ఞులు లూప్‌లను తుది సంగీతంగా కాక ముసాయిదాగా వాడి, పాట రూపం స్థిరపడిన తరువాత వీలైనన్ని ట్రాకులను వాద్యకారులచేత వాయింపజేసి మార్చుకొంటారు.